జోగి ఇంటి భుజం

కోపంతో మోసిన శవానికి సద్గతి కలుగుతుందా, మోసినవాడికి పుణ్యం దక్కుతుందా అన్న అనుమానం నాకు తొమ్మిదేళ్లుగా ఉంది. ఒకసారి భజన మందిరానికి వచ్చిన పురోహితుణ్ణి అడిగాను. "మోసేవాడి బుద్ధితో చచ్చినవాడికి పనేమిటయ్యా, వాడి కర్మ వాడిది" అన్నారాయన. దాంతో సగం ప్రశ్నకే జవాబు వచ్చింది. రెండో సగం నా గురించి. అది మళ్లీ అడగడానికి నోరు రాలేదు. రోజూ పొద్దున్నే సింహాద్రి అప్పన్న పటం ముందు దీపం పెట్టి స్వామినే అడుగుతూ వచ్చాను. ఆయనా చెప్పలేదు.

నా పేరు నీలకంఠం. రంగూన్‌లో అహ్లోన్ రేవు పక్కన ఒక బియ్యం మిల్లులో కాటా గుమాస్తాని. మా ఊరి బడిలో నాలుగో తరగతి దాకా చదివాను. ఆదివారాలూ, మిల్లు మూసిన పూటలూ మా భజన సమాజానికి ఇస్తాను. సమాజం అంటే రేకుల కప్పు ఉన్న చెక్క ఇల్లు, రెండు మద్దెలలు, పాతికమంది మనుషులు. మా పని పాటలు పాడటం ఒక్కటే కాదు. కూలీల బారకాసుల్లో మనవాళ్లెవరైనా దిక్కులేకుండా పోతే పాడె కట్టి, మోసుకెళ్లి, దహనం చేసి రావడం మా అసలు పని. కులం అడగం. ఒక్క దమ్మిడీ పుచ్చుకోం.

మా వైపు ఊళ్లలో నాట్ల రోజుల్లో బదులు పని ఉంటుంది. ఇవాళ నువ్వు నా మడిలోకి దిగితే రేపు నేను నీ మడిలోకి దిగాలి. సముద్రం దాటి వచ్చినవాళ్లకు మళ్లు లేవు, చావులున్నాయి. అందుకని ఆ బదులు ఇక్కడ భుజానికి వచ్చింది. నీ ఇంట్లో చావొచ్చినప్పుడు నేను పాడె కింద భుజం పెడితే, నువ్వు నా ఇంటికి ఒక భుజం బాకీ. అది నేను మా ఇంటి చావుకు వాడుకోవచ్చు, లేదా ఎవరైనా దిక్కులేనివాడికి ఇప్పించవచ్చు. కానీ నోటితో అడగాలి. "మా ఇంటి భుజం ఇవ్వండి" అని అడిగితే ఇవ్వకుండా ఉండకూడదు. ఇవ్వని ఇంట చావొస్తే ఎవరూ ఆ గడప తొక్కరు. ఎవరు ఎవరికి బాకీయో మా సమాజం పెద్ద వెంకటరాజు మావ నోటికి చెబుతాడు. కాగితం మీద పెడితే అది అప్పవుతుంది, నోట్లో ఉంటే మర్యాదగా ఉంటుంది అని ఆయన మాట.

రేవులో కూలీల గ్యాంగు నడిపే అచ్చెన్న మేస్త్రీ మా అన్న జోగికి ఒక భుజం బాకీ.

మా అన్న అచ్చెన్న గ్యాంగులోనే రంగూన్ వచ్చాడు. రేవులో ఓడలకు బియ్యం బస్తాలు మోసేవాడు. అచ్చెన్న తండ్రి ఇక్కడే పోతే మోసిన నలుగురిలో మా అన్న ఒకడు. తరువాత రెండేళ్లకు, పెద్ద జ్వరాల ఏడాది, నేను ఓడ దిగాను. పంతొమ్మిదేళ్లవాణ్ణి, ఊరు తప్ప ఏమీ తెలియదు. నేను వచ్చిన నాలుగో నెలలో అన్నకు జ్వరం పట్టుకుంది. మూడో రోజున పోయాడు.

ఆ రోజు ఓడకు బియ్యం ఎక్కుతోంది. నేను రేవుకు పరుగెత్తి, నలుగురు మనుషుల్ని ఇప్పించమని అచ్చెన్నను అడిగాను. ఆయన ఓడకు వేసిన బల్ల దగ్గర నిలబడి గ్యాంగును అదిలిస్తున్నాడు. నా వైపు తిరగలేదు.

"ఓడ ఆగదురా. శవం ఆగుద్ది" అన్నాడు.

బస్తా కిందనుంచి ఎవడో నవ్వాడు. నవ్వకపోతే మేస్త్రీకి కోపం వస్తుందని నవ్వాడో ఏమో.

బారకాసులో జ్వరం లేనివాళ్లు ఇద్దరే దొరికారు. ఇద్దరితో పాడె లేవదు. సాయంత్రానికి జ్వరాల శవాలను పోగుచేసుకుపోయే బండి వచ్చింది. అందులో అప్పటికే ఆరుగురున్నారు. మా అన్న ఏడోవాడు. నేను బండి వెనకే గేటు దాకా నడిచాను. అక్కడ ఆపేశారు. లోపల ఏ మంట మా అన్నదో నాకు తెలియదు. మంటో గొయ్యో కూడా తెలియదు.

భుజం బాకీ సంగతి నాకు ఆ తరువాత నెల రోజులకు తెలిసింది. ఓదార్చడానికి వచ్చిన వెంకటరాజు మావ చెప్పాడు. "నీకు అచ్చెన్న ఇంట ఒక బుజం ఉంది రా. ఎప్పుడైనా అడుగు" అన్నాడు. ఆ మర్నాడే నేను సమాజంలో చేరాను.

అప్పటినుంచి ఎంతమందిని మోశానో లెక్కపెట్టలేదు. మశూచి వచ్చినవాణ్ణి మోశాను, నీళ్లలో నాని ఉబ్బినవాణ్ణి మోశాను. కొత్తగా వచ్చిన కూలీలు నన్ను చూపించి, ఆ బాబు పుణ్యాత్ముడు అని చెప్పుకునేవారు. నాకు మాత్రం ప్రతి పాడె కిందా అచ్చెన్న ముఖం కనబడేది. రామనామం నోట్లో, అచ్చెన్న మనసులో. నడుస్తున్నంతసేపూ ఒకటే ఆలోచన. ఆ భుజం ఏ రోజు అడిగితే అతనికి ఎక్కువ తగులుతుంది? ఖాళీగా ఉన్న రోజు అడిగితే వచ్చి మోసి పోతాడు, స్నానం చేసి అన్నం తింటాడు. అతను రాలేని రోజు అడగాలి. వస్తే ఓడ పోవాలి. రాకపోతే పరువు పోవాలి. రెండు వైపులా తలుపు వేసిన గదిలోకి అతన్ని పిలవాలి.

"ఆ జోగి బుజం వాడేయరా. ఉంచుకుని ఏటి సేత్తావు?" అని వెంకటరాజు మావ ఏటా ఒకసారి అనేవాడు.

మా ఇంటిది తాయారు ఇంకా సూటిగా అనేది. "ఆవకాయైనా ఇన్నేళ్లు దాసుకుంటే బూజు పడుద్ది. నీ కోపానికి ఉప్పెంతేసేవేటి?"

నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. నా భార్య దగ్గర దాచిన సంగతి అదొక్కటే అనుకునేవాణ్ణి. దాగలేదని ఆ మాటతోనే తెలిసేది.

ఈ ఏడాది ఫాల్గుణంలో నేను చూస్తున్న రోజు వచ్చింది. ఆదివారం. మిల్లులన్నీ బియ్యం వదులుతున్న రోజులు, రేవు నిండా ఓడలు. అచ్చెన్నకు ఆ ఏటికి దొరికిన అన్నింటికన్న పెద్ద ఓడ ఆ మధ్యాహ్నం మూడు గంటల పోటు నీటి మీద కదలాలి. ఆ ఓడ సరిగ్గా ఎక్కిస్తే ఆ కంపెనీ ఓడలన్నీ ఇక అతనికేనని మా మిల్లులో కూడా చెప్పుకున్నారు. ఆ పొద్దున్నే అచ్చెన్న బారకాసులో కన్నయ్య అనే కూలీ పోయాడు. వారం రోజులుగా కడుపు నొప్పితో పడి ఉన్నాడు. నాకు కబురు తెచ్చినవాడితో నేను అడిగిన మొదటి మాట, "మేస్త్రీ ఎక్కడున్నాడు?" అని. కన్నయ్య ఎలా పోయాడని కాదు. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది, అప్పుడు లేదు.

వెదుళ్ల కోసం కో కిన్ మౌంగ్ కొట్టుకు వెళ్లాను. అతని తండ్రి బర్మావాడు, తల్లి రామమ్మ మా భీమిలి వైపు మనిషి. మా పాడెలన్నిటికీ వెదుళ్లు అతనివే. నన్నూ వాళ్ల భాషలో 'కో', అంటే అన్నా అని పిలుస్తాడు.

"కో నీలా, మీవోళ్లు బతికుండగా ఒక్కడూ నా కొట్టుకి రాడు. పోయాక వచ్చినోడు బేరమాడడు. ఏటి యాపారమిది?" అన్నాడు వెదుళ్లు ఏరుతూ. ఎప్పుడూ అనేదే. తరువాత, "మనుషులున్నారా?" అని అడిగాడు.

"ముగ్గురం. నేనూ, తామ్వే పేటనుంచి వచ్చే వడ్రంగి అన్నదమ్ములిద్దరూ. మావ మోయలేడు. మిగతావాళ్లంతా ఓడల దగ్గరే."

"అయితే నాలుగోవాణ్ణి నానొస్తాను. కొట్టు మా యమ్మ సూసుకుంతాది."

"వద్దు" అన్నాను. "నాలుగోవాడున్నాడు."

అతను నా ముఖం ఒకసారి చూశాడు. వెదుళ్లు భుజాన పెట్టించాడు.

పాడె కట్టే పని వడ్రంగులకు అప్పజెప్పి నేను రేవుకు నడిచాను. ఎండ అప్పటికే తారు వాసన లేపుతోంది. ఒడ్డునుంచి ఓడకు వేసిన బల్లమీద ముప్పైమంది వరసగా బస్తాలతో ఎక్కుతున్నారు, పక్క బల్లమీద ఖాళీ చేతులతో దిగుతున్నారు. బల్ల మొదట్లో అచ్చెన్న. ఏభై దాటినా నిట్టనిలువు మనిషి, తలకు తువ్వాలు. అతను గొంతు ఆపితే వరస ఆగుతుంది, వరస ఆగితే పోటు తప్పుతుంది. అతనికి పది బారల దూరంలో ఓడ తాలూకు దొర గొడుగు కింద నిలబడి ఉన్నాడు, పక్కన దుబాసీ.

"మేస్త్రీ" అన్నాను.

"ఏటి గుమాస్తా బాబూ, ఆదోరం పూట రేవుకొచ్చేవు? మిల్లు కాల్తోందేటి?"

"కన్నయ్య పోయాడు."

"తెలుసు. కబురొచ్చింది." కళ్లు వరస మీదనే ఉన్నాయి. "మంచి పనోడు. ఎల్లిపోనాడు పాపం. మీ సమాజపోళ్లు ఉన్నారు కదా, మీరు సూసుకుంతారని నిబ్బరంగా ఉన్నాను. మీరొచ్చాక మాకు ఆ బెంగ తీరిపోనాది బాబూ. పూర్వం ఒకడు పోతే నలుగురు పని మానీవోళ్లు."

ఆ మాట నాకు గుండెల్లో దిగింది. తొమ్మిదేళ్లుగా నేను మోసినదంతా ఇతని బరువన్నమాట. ఎవడు పోయినా ఇతని గ్యాంగులో ఒక్క బస్తా ఆగలేదు. మా సేవ వల్ల ఈ రేవులో సుఖపడినవాడు ఎవడంటే అచ్చెన్నే. ఒక్క క్షణం ఉన్న జాలి కూడా అక్కడ పోయింది.

"ముగ్గురమే ఉన్నాం" అన్నాను. గొంతు పెంచాను, గ్యాంగుకు వినబడేట్టు. "మా అన్న జోగి ఇంటి భుజం ఇవ్వండి. కన్నయ్యకు ఇప్పిస్తున్నాను."

వరసలో ముందున్నవాడు బస్తాతోనే ఆగిపోయాడు. వెనకవాళ్లు ఒకరికొకరు తగిలి నిలబడ్డారు. అచ్చెన్న మొదటిసారి నా వైపు పూర్తిగా తిరిగాడు.

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

"మూడు గంటలకి ఓడ ఎలిపోతాది. ఎల్లగానే వస్తాను. ఒకటికి రెండు బుజాలిస్తాను. సాయంత్రందాకా ఆగు బాబూ."

తొమ్మిదేళ్లు ఈ నిమిషం కోసమే మాట నూరి పెట్టుకున్నాను. "ఓడ ఆగదు, శవం ఆగుద్ది. అంతేనా మేస్త్రీ? మా అన్న పోయిన రోజు మీరన్న మాట."

అతను కనుబొమలు ముడిచాడు. నిజంగానే వెతుక్కున్నాడు. "నానన్నానా?" అన్నాడు. "ఏమో. అనే ఉంతాను. ఓడ దగ్గర రోజుకి వందంటాను. మాట గురుతు లేదు గాని బుజం గురుతుంది. మా అయ్యని మోసినప్పుడు జోగి ముందర ఎడంపక్క ఉన్నాడు."

నేను నూరుకున్న కత్తి గడ్డివాములో దిగినట్టయింది. ఆ మాట అతనికి గుర్తు కూడా లేదు. అది నాకు అన్నిటికన్న పెద్ద అవమానంగా తోచింది. అప్పుడే నా నోటినుంచి ఒక మాట వచ్చింది. దాన్ని నేను ముందుగా అనుకోలేదు. అనుకుని ఉంటే బహుశా అనేవాణ్ణి కాదు.

"మీ అమ్మకు ఎలా ఉంది మేస్త్రీ?" అన్నాను.

అతని తల్లి సన్యాసమ్మ వానల రోజులనుంచి మంచం మీద ఉందని రేవులో అందరికీ తెలుసు. భుజం ఇవ్వని ఇంటి గడప ఎవరూ తొక్కరనీ అందరికీ తెలుసు.

"మీ అన్న నోరు మంచిది. నీకు రాలేదు" అన్నాడు అచ్చెన్న.

తలకున్న తువ్వాలు విప్పి భుజం మీద వేసుకుని దుబాసీ దగ్గరకు వెళ్లాడు. ఏం చెప్పాడో వినబడలేదు. దొర గడియారం తీసి చూశాడు. దుబాసీ తెలుగులో అందరికీ వినబడేట్టు చెప్పాడు. "నువ్వు బల్ల దిగితే మళ్లీ ఎక్కక్కర్లేదంటున్నారు దొర. అవతల గ్యాంగు సిద్ధంగా ఉంది."

అచ్చెన్న బల్ల దిగాడు.

రేవు గేటు దాటాం. నా లోపల పండగలా ఉంది, కాళ్లు తేలుతున్నాయి. అతను పక్కన నడుస్తూ, నేలను చూస్తూ అన్నాడు, "ఆ దినం నువ్వు బుజం అడగలేదు."

"ఏమిటి?"

"జోగి పోయిన దినం. నువ్వు మనుషుల్ని అడిగేవు. నలుగుర్ని ఇప్పించమన్నావు. ఓడెక్కుతుంటే మేస్త్రీని మనుషుల్నడిగితే ఏటంతాడు? లేదంతాడు. మా ఇంటి బుజం ఇవ్వండని నువ్వు అడగలేదు."

"నాకు తెలియదు. వచ్చి నాలుగు నెలలు. అన్న ఎప్పుడూ చెప్పలేదు."

"అవును. జోగి అడిగీ మనిషి కాదు. సెప్పి ఉండడు."

"అడిగితే వచ్చేవారా?"

రోడ్డు దాటాం. "తెలీదు" అన్నాడు. "ఓడుంది కదా."

అబద్ధమాడి వచ్చేవాణ్ణని చెప్పి ఉంటే నేను సుఖంగా ఇంకా ద్వేషించేవాణ్ణి. ఒక్క మాట పద్ధతిగా అడిగి ఉంటే మా అన్న పాడె లేచేదా? ఆ మాట తెలియకపోవడం నా తప్పా? ఈ కొత్త అనుమానం ఇంటికి తీసుకుపోవడానికి నేను సిద్ధంగా లేను. దాన్ని పక్కకు తోసి, మిగిలిన పగ సంగతి చూశాను.

మిగిలిన పగ ఉంది. పాడె మోయడంలో మోసేవాళ్లకే తెలిసిన సంగతులుంటాయి. నలుగురిలో ఒకడు పొడుగైతే బరువంతా ఒరిగి వాడి మీద పడుతుంది. అందుకని పొడుగువాడి భుజం మీద గుడ్డ చుట్టకుదురు పెట్టకుండా, పొట్టివాళ్లకు పెట్టి సరిచేస్తాం. ఆ రోజు నేను పెట్టనివ్వలేదు. నేను అచ్చెన్నకన్న పొట్టి, వడ్రంగులు నాకన్న పొట్టి. అచ్చెన్నను తలవైపు, ముందర ఎడమపక్క నిలబెట్టాను. తలవైపే బరువు. ప్రతి కూడలి దగ్గరా "మార్పు" అని కేక వేసి భుజాలు మార్చడం నా పని. నేను కేక వెయ్యలేదు. మిల్లుల వెనకనుంచి దగ్గర దారి ఉండగా బజారు మీదుగా తీసుకెళ్లాను, మేస్త్రీ కూలీ శవాన్ని మోస్తున్నాడని నలుగురూ చూడాలని.

చూశారు. టీ కొట్ల ముందు బర్మావాళ్లు కాళ్లు ముడుచుకున్నారు. మనవాళ్లు గుమ్మాల్లోకి వచ్చారు. చిన్నతల్లి అని, ఇడ్లీలు అమ్మే ముసలావిడ, "ఏటి అచ్చెన్నా, బస్తా మారిందేటి?" అని అరిచింది. ఎవరో నవ్వారు. అచ్చెన్న తల తిప్పలేదు. ముందు వెంకటరాజు మావ నిప్పుకుండ పట్టుకుని, గోవింద గోవింద అంటూ నడుస్తున్నాడు. మూడో కూడలి దాటాక వెనక్కి తిరిగి నన్నొకసారి చూశాడు. ఆయన చూపు నాకు అర్థమైంది. కేక మాత్రం వెయ్యలేదు.

శ్మశానానికి సగం దూరంలో పాడె దించే చోటు ఉంది. అక్కడ దించి, పోయినవాడి చెవిలో అయినవాళ్లు మూడుసార్లు పేరు పెట్టి పిలవాలి, ఒకవేళ ప్రాణం ఉంటే పలుకుతాడని. దిక్కులేనివాళ్లకు మాలో ఎవరో ఒకరం పిలుస్తాం. ఆ రోజు, "మేస్త్రీ పిలుస్తాడు. ఊరినుంచి తెచ్చినవాడు ఆయనే" అన్నాను.

అచ్చెన్న మోకాళ్ల మీద కూర్చున్నాడు. భుజం మీద చొక్కా తడిసి ఎర్రగా ఉంది. నలభై ఏళ్లు బస్తాలు మోసిన భుజం, అక్కడ కాయ కాసి ఉంటుంది. వెదురు ముడి ఆ కాయను చీల్చింది. అతను వంగి కన్నయ్య చెవిలో పిలిచాడు. మేం అనుకున్నట్టు కన్నయ్యా అని కాదు, "కన్నోడా" అని. "కన్నోడా, లేరా. మీ అమ్మకి ఏటి సెప్పాల?" మూడుసార్లూ అదే.

కన్నయ్యకు అమ్మ ఉందని మాలో ఎవరికీ తెలియదు.

మళ్లీ పాడె ఎత్తేముందు నేను వడ్రంగి చిన్నవాణ్ణి ఆ పక్కకు రమ్మన్నాను. "మేస్త్రీ, మార్చుకోండి" అన్నాను. జాలి అని చెప్పుకోను. ఆ రక్తం చూడటం నాకు ఇష్టం లేకపోయింది.

"అక్కర్లేదు" అన్నాడు అచ్చెన్న. "ఎడంపక్కే జోగి మోసేడు. సగంలో దించితే సగం మిగులుతాది. నీకు మళ్లీ తొమ్మిదేళ్లు పని."

వడ్రంగులిద్దరూ ముఖాలు తిప్పుకున్నారు. మావ గోవింద అన్నాడు. ఎత్తాం.

చితి పేర్చి నిప్పు పెట్టేసరికి మూడు దాటింది. నదిమీదనుంచి ఓడ కూత వినబడింది. అచ్చెన్న ఆ వైపు చూడలేదు. కాసేపటికి అతని గ్యాంగువాళ్లు పదిమంది దాకా వచ్చారు. దుబాసీ వాళ్లనూ బల్ల దించేసి అవతల గ్యాంగును ఎక్కించాడట. వాళ్లలో నెరిసిన గడ్డం ఆయన నా దగ్గరకు వచ్చి చేతులు జోడించాడు. "బాబూ, నువ్వు మారాజువి. మావోళ్లని ఎన్నోసార్లు మోసేవు. ఇయ్యాల మేస్త్రీని కొట్టేవు, బాగుంది. దెబ్బ మటుకు మా డొక్కల్లో తగిలింది. రేపట్నుంచి ఏటి తింతాం?"

తొమ్మిదేళ్లు అన్ని వైపులా ఆలోచించాననుకున్నాను. బల్ల మీద ముప్పైమంది ఉంటారన్న సంగతి ఒక్కసారి కూడా తట్టలేదు. ఓడ ఆగదని అచ్చెన్న అన్న రోజున అతనికి మా అన్న కనబడలేదు. ఈ రోజున నాకు వీళ్లు కనబడలేదు.

రేవులో స్నానాలు చేశాం. వెంకటరాజు మావ తడిబట్టతో మెట్లమీద నిలబడి మమ్మల్నందరినీ పిలిచాడు. "ఇయ్యాల్సినోడు ఇచ్చేడు" అన్నాడు. "రావాల్సినోడు నోటితో అనాల. నీలకంఠం, జోగి ఇంటి బుజం సెల్లిందా?"

అందరూ నా వైపు చూశారు. అచ్చెన్న కింది మెట్టు మీద, నీళ్లలో భుజం కడుక్కుంటున్నాడు. మా మధ్య నాలుగు మెట్లు.

అనకపోవచ్చు నేను. దారిలో భుజం ఒకసారి జారిందనో, బజారులో అడుగు తడబడిందనో అనవచ్చు. అప్పుడు బాకీ అలాగే ఉంటుంది. ఆ ఆలోచన ఎంత తీపిగా ఉందో చెప్పలేను. ఆ బాకీ పోతే రేపు పాడె కింద నేను ఎవరిని తలుచుకోవాలి? అన్న ముఖం నాకు సరిగా గుర్తులేదు. ఇన్నేళ్లూ అచ్చెన్న ముఖం పట్టుకునే అన్న దగ్గరకు వెళ్తున్నాను. అది వదిలేస్తే ఇద్దరూ పోతారేమోనని భయం వేసింది.

"ఏటి బాబూ, సగం బాకీ అంతావేటి?" అన్నాడు అచ్చెన్న తల ఎత్తకుండానే. వెక్కిరింపో, అలసటో తెలియలేదు. "అలాగంటే అను. నీ పాడెకి మనుషులు రారని మా యమ్మకి కబురెట్టుకోవాల."

ఆ 'అమ్మ' అన్న మాట దగ్గర నాకు రేవులో నేనన్నది గుర్తొచ్చింది.

"మీ అమ్మ సంగతి దీనితో కలపకండి" అన్నాను. "ఆమెకు బాకీ ఉన్నా లేకపోయినా మేం వస్తాం. అది నేను తప్పుగా అన్నాను."

"అది సరే. అడిగింది సెప్పు."

నేను అతన్ని క్షమించలేదు. ఇప్పటికీ లేదు. కానీ ముందర ఎడమపక్క, సగంలో దించకుండా, చివరిదాకా మోశాడు. దాన్ని కాదనడానికి నాకు నోరెలా వస్తుంది?

"చెల్లింది" అన్నాను.

మావ ఆ మాటను గట్టిగా మళ్లీ అన్నాడు, అందరూ వినేట్టు. అచ్చెన్న తువ్వాలు పిండి, ఆ భుజం మీదే వేసుకుని మెట్లెక్కాడు.